తూము మూసుకుందని చెప్పాను

ల్యాబ్ టెక్నీషియన్ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలకు రక్తం తీయడం ఎవరైనా నేర్పుతారు. గాజు పలక మీద చుక్కను పలచగా లాగడం, రంగు వేయడం, మైక్రోస్కోపు కింద ఏ కణం ఏదో గుర్తుపట్టడం చేస్తుంటే చేతికి వచ్చే పనులు. నేను రాయబోయేది నోటితో చేసే పని గురించి. రిపోర్టు చేతికి ఇచ్చినప్పుడు "ఏంది సారూ గిది?" అని అడిగే మనిషికి ఏం చెప్తాం? అది మన పని కాదని కొందరంటారు. నేను మాత్రం అది నా పనే అనుకున్నాను. అంతటితో ఆగకుండా, ఆ పని నా అంత బాగా చేసేవాడు బాన్సువాడలో లేడనీ అనుకున్నాను. మొదటిది తప్పని ఇప్పటికీ అనను. రెండోదాని వల్ల ఏం జరిగిందో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

తొంభైల మొదట్లో బస్టాండుకు దగ్గర్లో ఉన్న ఒక చిన్న నర్సింగ్ హోంలో చేరాను. వెనక గది నా ల్యాబు. దాని ముందు వరండాలో ఒక పొడుగాటి బెంచీ. ముందు గదిలో డాక్టరమ్మ. పదవీ విరమణ దాకా నాకు గదీ మారలేదు, హోదా మారలేదు కాబట్టి వాటి గురించి రాయడానికి ఏమీ లేదు.

మహమూద్ తల్లి అడిగిన మాట

చేరిన కొత్తలో మహమూద్ అనే దర్జీ వచ్చాడు. ముప్పై నిండని మనిషి. ఎడమ డొక్క బరువుగా ఉంటోందని, మిషను మీద వంగి కూర్చోలేకపోతున్నానని చెప్పాడు. అతని రక్తం మైక్రోస్కోపు కింద పెట్టి చూస్తే తెల్ల కణాలు సందు లేకుండా నిండి ఉన్నాయి. ఎముకల మూలుగలోనే ఉండి ముదరాల్సిన పచ్చి కణాలు కూడా బయటికి వచ్చేశాయి. నేనే ఏదో తప్పు చేశానని ఇంకో చుక్క తీసి చూశాను. అదే దృశ్యం.

డాక్టరమ్మ చూసి తలుపు దగ్గరికి వేసింది. మెల్లగా నడిచే రకం రక్త కాన్సర్. హైదరాబాదు పంపింది. అప్పట్లో ఉన్న మందులు కణాల లెక్కను కొన్నాళ్లు కిందికి తెచ్చేవి, చాలామందిలో జబ్బును మాత్రం ఆపలేకపోయేవి. మహమూద్ కొన్నేళ్లు బతికాడు.

అతని తల్లి ఒకరోజు నా గది గుమ్మంలో నిలబడి అడిగింది. "బేటా, మా ఖాందాన్ల ఎవ్వరికి లేదు గీ బీమారి. నా పాలల్ల ఏమన్న ఉండెనా?"

నాకు తెలియదు. "డాక్టరమ్మను అడుగు అమ్మీ" అని స్లైడు వైపు తిరిగాను. ఆ సాయంత్రం నుంచే గ్రంథాలయానికి వెళ్లడం మొదలుపెట్టాను.

గ్రంథాలయం

మా శాఖా గ్రంథాలయంలో జీవశాస్త్రం పుస్తకాలు ఒక అలమారలో కింది అర నిండా ఉండేవి. ఎవరో కాలేజీ లెక్చరరు దానం చేసిన లావుపాటి ఇంగ్లీషు పుస్తకాలు. పక్కన నిఘంటువు పెట్టుకుని ఒక్కో పేజీని ఒక్కో సాయంత్రం చదివేవాణ్ని. "నర్సింలూ, గీ అలమారకు నువ్వొక్కనివే గిరాకి. తాళంచెవి నీకే ఇస్తే అయిపోతది" అనేవాడు అక్కడి గుమాస్తా. ఆ మాట నాకు తెగ నచ్చేది.

అక్కడ నాకు దొరికిన సంగతి ఇది. మన కణాల్లో క్రోమోజోములు జతలు జతలుగా ఉంటాయి. ఈ జబ్బులో మూలుగలోని ఏదో ఒక కణంలో తొమ్మిదో క్రోమోజోమూ ఇరవై రెండో క్రోమోజోమూ విరిగి, దీని తోక దానికీ దాని తోక దీనికీ అతుక్కుంటాయి. అతుకు పడిన చోట రెండు జన్యువులు కలిసిపోయి, మామూలుగా ఒంట్లో ఉండని ప్రొటీన్ ఒకటి తయారవుతుంది. కణాన్ని రెండుగా చీలమని చెప్పే ప్రొటీన్లు అవసరం ఉన్నప్పుడు లేస్తాయి, పని కాగానే పడుకుంటాయి. ఈ అతుకుల ప్రొటీన్ పడుకోదు. చీలమని చెప్తూనే ఉంటుంది. ఆ ఒక్క కణం సంతతే మూలుగంతా ఆక్రమిస్తుంది. ఇది పుట్టాక ఎప్పుడో జరిగేది. తల్లి నుంచి రాదు, పిల్లలకు పోదు.

చివరి వాక్యం చదివిన మర్నాడే దర్జీ కొట్టుకు వెళ్లి ఆ తల్లికి చెప్పాను. ఆమె బట్టలు ఇవ్వడానికి వచ్చిన ఆడవాళ్ల వైపు తిరిగి "ఇన్నరా? నా పాలల్ల ఏం లేదంట" అంది. రెండుసార్లు అంది.

చదివినదాన్ని మనిషికి అందేలా చెప్పడంలో ఉన్న సుఖం నాకు ఆ రోజు తెలిసింది. అది మంచి సుఖమే. కానీ దానికి అలవాటు పడ్డాను.

లష్కర్ సాయిలు

రెండువేల సంవత్సరం దాటాక ఆ జబ్బుకు కొత్త గోలీ వచ్చింది. ఆ అతుకుల ప్రొటీన్లో ఒక గుంట ఉంటుంది. కణానికి శక్తినిచ్చే అణువు ఆ గుంటలోకి వచ్చి చేరితేనే అది పనిచేస్తుంది. సరిగ్గా ఆ గుంటలోనే ఇరుక్కునేలా మందు తయారు చేశారు. ఆ సంగతి పత్రికలో చదివిన రోజు మహమూద్ గుర్తొచ్చి గ్రంథాలయం మెట్ల మీద చాలాసేపు కూర్చున్నాను.

ఆ తర్వాత కొన్నాళ్లకు సాయిలు వచ్చాడు. నిజాంసాగర్ కాలువ మీద లష్కర్. ఏ తూము ఎప్పుడు తెరవాలి, ఎంత ఎత్తాలి, ఎవరి పొలానికి వంతు అయిపోయింది అన్నీ చూసుకునే ఉద్యోగం. నాకంటే పెద్దవాడు. నవ్వించకుండా రక్తం ఇచ్చేవాడు కాదు. "నా చేతుల తూముంటదని పెద్ద పెద్ద పటేండ్లు గూడ నన్ను అన్నా అంటరు సారూ. గీ నీ సూదికే నేనంటే జర భయం లేదు" అన్నాడు మొదటి రోజు.

అతని స్లైడులో నేను మహమూద్ స్లైడునే మళ్లీ చూశాను. హైదరాబాదులో మూలుగ పరీక్ష చేసి అదేనని తేల్చారు. కొత్త గోలీ మొదలుపెట్టి, రోజూ వేసుకోవాలని చెప్పి పంపారు. నెలనెలా అక్కడికి వెళ్లి మందు తెచ్చుకోవాలి, మధ్యలో రక్తం మా దగ్గర చూపించుకోవాలి. ఆ గోలీ రోజూ పడితే అతను బతుకుతాడు. ఈ జబ్బు గురించి అలా చెప్పగలిగిన కాలం అప్పుడే వచ్చింది.

సాయిలు, భార్య గంగవ్వ బెంచీ మీద కూర్చున్నారు. "ఏంది సారూ గిది? అక్కడ ఏందేందో చెప్పిన్రు, నాకు బుర్రకెక్కలే" అన్నాడు.

"నీ తూముకు షట్టరుంటది గదా సాయిలన్నా. అది కిందికి దిగకపోతే ఏమైతది?"

"ఏమైతది? నీళ్లు పొలాన్ని ముంచుతయ్. ఇంజనీరు సారు నన్ను ముంచుతడు."

"నీ మూలుగల గసొంటి తూమే ఒకటున్నది. తెల్ల కణాలు ఎన్ని రావాలె, ఎప్పుడు బంద్ కావాలె అని చూసుకునేది. దాని షట్టరు పైన ఇరుక్కపోయింది. అందుకే కణాలు వస్తనే ఉన్నయ్. గీ గోలీ పోయి షట్టరు దించుతది."

సాయిలు తొడ మీద చరుచుకున్నాడు. "గంగవ్వా, ఇన్నవా! గంత మంది డాక్టర్లు చెప్పంగ సమజ్ కాలే. గీయన ఒక్క మాటల చెప్పిండు."

బెంచీ మీద మిగతావాళ్లు కూడా నా వైపు చూశారు. ఆ సాయంత్రం గ్రంథాలయంలో ఆ తూము పోలిక చెప్పాను. మర్నాడు మందుల కొట్టులో చెప్పాను. చెప్పిన ప్రతిసారీ ఇంకొంచెం మెరుగు పెట్టాను.

డాక్టరమ్మ అలవాటు

మా డాక్టరమ్మకు ఒక అలవాటుండేది. మందు రాసి, ఎలా వాడాలో చెప్పి, "ఇప్పుడు నేనేం చెప్పిన్నో నువ్వు చెప్పు" అనేది. ముసలివాళ్లను, డిగ్రీ చదివినవాళ్లను, అందరినీ. ఇది మొదలైంది ఒక సుగర్ రోగితో. ఆయన గోలీని తీపి తిన్న రోజే వేసుకునేవాడు. "సుగర్‌కు గోలీ అన్నవు గదమ్మా, సుగర్ తినని దినం ఎందుకు?" అన్నాడట.

నాకు ఆ అలవాటు మోటుగా కనిపించేది. బడి పిల్లలను నిలబెట్టి అప్పజెప్పించుకున్నట్టు ఉంటుందని, వాళ్లకు నామోషీగా ఉంటుందని ఒకసారి అన్నాను కూడా.

"నామోషీ ఎవలకు ప్రొఫెసర్ గారూ, వాళ్లకా నీకా?" అంది. నేను గ్రంథాలయానికి వెళ్తానని ఆమె నన్ను ప్రొఫెసర్ అనేది. "నీ తూము పాఠం మంచిగనే ఉంది. సాయిలుకేం సమజైందో ఎన్నడన్న అడిగినవా?"

"నాకంటే ఎక్కువ సమజైంది" అన్నాను.

కొన్ని నెలల్లో సాయిలు రక్తం మామూలు మనిషి రక్తంలా అయింది. మైక్రోస్కోపు కింద అంత ప్రశాంతమైన స్లైడు చూసి నాకు కళ్లు చెమర్చాయి. రిపోర్టు పట్టుకుని బెంచీ దగ్గరికి వెళ్లి అందరూ వినేలా చెప్పాను.

"తూము మూసుకుంది సాయిలన్నా!"

"పక్కా మూసుకుందా?"

"చుక్క కారుతలేదు."

ఆ మాటలో పెద్ద తప్పుంది. గోలీ షట్టరును మూసి వెళ్లిపోదు. గోలీ ఒంట్లో ఉన్నంతసేపే ఆ ప్రొటీన్ అణిగి ఉంటుంది. లెక్క మామూలుగా ఉన్నా, అతుకు పడిన కణాలు మూలుగలో మిగిలే ఉంటాయి. ఇదంతా నేను చదివినదే, నాకు తెలిసినదే. కానీ నా పోలికలో దానికి చోటు లేదు. దాన్ని చేరిస్తే పోలిక అందం చెడుతుందని, నిజం చెప్పాలంటే, నేను వదిలేశాను.

రాడ్ వంకర పోతది

ఆ తర్వాత చాలా నెలలు బాగానే గడిచాయి. ఒకసారి లెక్క కొంచెం పెరిగింది. అతనికి దగ్గు ఉంది. "దగ్గుకు పెరిగి ఉంటది" అని నేనే డాక్టరమ్మకు చెప్పాను. తర్వాతిసారి ఇంకొంచెం పెరిగింది. ఈసారి దగ్గు లేదు.

డాక్టరమ్మ సాయిలును కూర్చోబెట్టింది. నేను రిపోర్టు ఇచ్చి పక్కనే నిలబడ్డాను.

"గోలీలు ఎట్ల వేసుకుంటున్నవ్ సాయిలూ?"

"అవసరమున్నప్పుడు తప్పకుంట వేసుకుంటున్న అమ్మా."

ఆమె పెన్ను కింద పెట్టింది. "అవసరమున్నప్పుడు అంటే?"

"షట్టరు లేసినప్పుడు." సాయిలు నా వైపు చూసి నవ్వాడు, మాకిద్దరికీ తెలిసిన సంగతి అన్నట్టు. "మూసిన షట్టరును ఇంకా తిప్పుతమా అమ్మా? తిప్పితే దాన్ని ఎత్తి దించే రాడ్ వంకర పోతది. మాకు కొలువుల చేరిన దినమే చెప్తరు. నర్సింలు సారు తూము మూసుకుందన్నడు, నేను ఆపిన. మళ్ల డొక్క జర బరువనిపిస్తే వారం పది దినాలు వేసుకుంట, దిగుతది. మిగిలిన గోలీలు దాచిపెట్టిన. గంత కీమతి మందు, ఉత్తగ మింగుడేంది?"

గంగవ్వ గొంతు చించుకుంది. "రోజు మింగుమని నేను చెప్పిన అమ్మా! నీకేమెరుక తూము సంగతి, పో అన్నడు."

"నీకు ఎరుకనా?" అని సాయిలు ఆమెను ఆటపట్టించాడు.

డాక్టరమ్మ నా ముఖంలోకి చూసింది. నేను మాట్లాడతానని ఆగింది. నేను స్లైడు ఆరిందో లేదో చూస్తానని చెప్పి నా గదిలోకి వెళ్లాను. అక్కడ ఆరడానికి ఏ స్లైడూ లేదు. తలుపు వెనక నిలబడి విన్నాను. రేపటి నుంచి ఒక్క రోజు కూడా తప్పకుండా మింగాలని, వెంటనే హైదరాబాదు వెళ్లాలని ఆమె అతనికి చెప్పింది. అప్పజెప్పించుకుంది. వాళ్లు వెళ్లాక నా గుమ్మంలోకి వచ్చింది.

"షట్టరు నీది. ఎందుకు ఆపొద్దో నువ్వే చెప్పాలె ఆయనకు."

"చెప్తాను" అన్నాను.

తర్వాతిసారి సాయిలు వచ్చినప్పుడు తనే అడిగాడు. "ఏంది సారూ, ఇప్పుడు రోజు మింగుమంటున్నరు? మూసుకుందంటివి గద?"

నేను చెప్పిన జవాబు ఇది: "నీ షట్టరు ఇప్పుడు ఖరాబైంది సాయిలన్నా. అందుకే ఇగ రోజు."

ఈ జవాబులో నా తప్పు ఎక్కడా కనబడదు, చూడండి. మొదట ఆపడం సరైనదే, తర్వాత షట్టరు పాడైంది, అంతే. మొదటి మాట అజ్ఞానంతో అన్నదీ కాదు, దురుద్దేశంతో అన్నదీ కాదు, గొప్పకు పోయి అన్నది. ఈ రెండో మాట మాత్రం నన్ను నేను కాపాడుకోవడానికి అల్లాను. అప్పటికీ పోలిక అందంగా కుదిరిందని ఒక్క క్షణం అనిపించింది. ఆ క్షణం తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

హైదరాబాదులో మోతాదు పెంచారు. లెక్క దిగింది, మళ్లీ లేచింది. ఈ జబ్బు కణాల్లో కొన్ని ఆ ప్రొటీన్ గుంట ఆకారం మార్చుకుంటాయి. అప్పుడు మందు అందులో ఇరుక్కోదు. మందును ఆపుతూ వేసుకుంటూ ఉంటే అలాంటి కణాలకు సందు దొరుకుతుంది. సాయిలుకు అదే జరిగిందని ఎవరూ పరీక్ష చేసి చెప్పలేదు. రోజూ వేసుకున్నవాళ్లలోనూ కొందరికి మందు పట్టు తప్పుతుంది. ఇది నిజమే. ఈ నిజం చాటున చాలాకాలం దాక్కున్నాను.

కొత్తగా వచ్చే పిల్లలకు ఇక్కడ ఒక మాట. పోలిక చెప్పండి. పోలిక లేకుండా క్రోమోజోము ఎవరికీ అందదు. కానీ మీరు చెప్పిన పోలికను అవతలి మనిషి ఇంటికి తీసుకెళ్తాడు, తన బతుకులోని అనుభవంతో దాన్ని పూర్తి చేస్తాడు. నాకు తూము పుస్తకంలో బొమ్మలాంటిది. సాయిలుకు అది రోజూ చేత్తో తిప్పే ఇనుము. మూశాక తిప్పకూడదన్న సంగతి నాకు తెలియదు, అతనికి తెలుసు. ఆ మనిషి ఎలా పూర్తి చేసుకున్నాడో అడగకుండా పంపకండి. ఇంకొకటి. ఈమధ్య కొందరు రోగుల్లో డాక్టర్లు చాలా సున్నితమైన పరీక్షలు చేస్తూ మందు ఆపి చూస్తున్నారని చదివాను. అది వాళ్ల నిఘాలో జరిగేది. డొక్క నొక్కి చూసుకుని ఆపేది కాదు.

బెంచీ మీద

సాయిలును నేను చివరిసారి చూసింది మా బెంచీ మీదే. బాగా చిక్కిపోయాడు. డొక్క ఉబ్బి చొక్కా గుండీలు పట్టడం లేదు. పైన తువ్వాలు కప్పుకున్నాడు. పక్కన గంగవ్వ. ఆమె పక్కన సునీత అనే అమ్మాయి, జుక్కల్ దిక్కు నుంచి వచ్చింది. ఆమెకూ అదే జబ్బు, హైదరాబాదులో అదే గోలీ మొదలుపెట్టారు. ఇంకా భయం తగ్గలేదు. పైట కొంగు వేలికి చుట్టుకుంటూ, విప్పుతూ కూర్చుంది.

నేను గదిలో ఉన్నాను. సాయిలు గొంతు వినిపించింది.

"ఫికర్ జెయ్యకు చెల్లే. గిది ఏం లేదు, తూము ముచ్చట. షట్టరు పైన ఇరుక్కపోయింది. గోలీ దాన్ని దించుతది."

నా మాటలే. నేను మెరుగు పెట్టిన చోట మెరుగుతో సహా.

"దిగినంక?" అంది సునీత.

"దిగినంక ఆపెయ్యాలె. మూసిందాన్ని తిప్పితే రాడ్ ఖరాబైతది. నేను రోజు మింగుతున్ననంటే, నాది పాత షట్టరు, పాడైంది. నీది కొత్తది. నువ్వు తూము మూసుకున్న దినం ఆపు, మళ్ల లేస్తే వేసుకో."

నేను బయటికి వచ్చాను. ముందు గది తలుపు తెరిచే ఉంది, డాక్టరమ్మ ఎవరికో బీపీ చూస్తోంది.

"గిగో, సారే వచ్చిండు. ఆయన్నే అడుగు" అన్నాడు సాయిలు. "సారూ, జెప్పున్రి. మూసుకున్నంక తిప్పొద్దు గదా?"

ఆ అమ్మాయి నా వైపు చూసింది. ఔననడానికి లేదు. కాదంటే సాయిలుకు ఏమని చెప్పినట్టో నాకు తెలుసు.

"కాదు సాయిలన్నా. నేను తప్పు చెప్పిన" అన్నాను.

"ఏది?"

"మూసుకుందని. గోలీ షట్టరు మూసి పోదు. చేత్తోని వత్తి పట్టుకున్నట్టు పట్టుకుంటది. చెయ్యి తీస్తే లేస్తది. నీకు మంచిగున్న దినాలల్ల గూడ రోజు మింగాల్సుండె. నీ షట్టరు ఖరాబైందని తర్వాత చెప్పింది గూడ, నా తప్పు కప్పుకోనీకి చెప్పిన."

ముందు గదిలో బీపీ మిషను గాలి పోతున్న చప్పుడు ఆగిపోయింది. సాయిలు తన కుడి చెయ్యి చూసుకున్నాడు. వేళ్లు ముడిచి, విప్పాడు.

"అంటే, నేను ఆపినందుకే లేసిందా?"

"అయ్యుండొచ్చు."

గంగవ్వ లేచి నీళ్ల కుండ దగ్గరికి వెళ్లింది. గ్లాసు ముంచలేదు, అక్కడే నిలబడింది.

"గప్పుడే చెప్తే అయిపోతుండె గద సారూ" అన్నాడు సాయిలు. కోపంగా అనలేదు. పొలానికి వంతు దాటాక వచ్చిన రైతుతో చెప్పినట్టు అన్నాడు.

నా చేతిలో ఖాళీ సిరంజీ ఉంది. అది ఎందుకు తెచ్చానో గుర్తు లేదు.

సాయిలు తువ్వాలు సర్దుకుని ఆ అమ్మాయి వైపు తిరిగాడు.

"ఇన్నవా చెల్లే? నేను చెప్పింది ఇడిచిపెట్టు. సారు ఇప్పుడు చెప్పింది పట్టుకో."

ఆమె తల ఊపింది.

"తల ఊపుడు గాదు" అన్నాడు సాయిలు. "ఏమిన్నవో నాకు చెప్పు."

"మంచిగున్నా గూడ రోజు మింగాలె అన్నా."

"ఎందుకు?"

"చెయ్యి తీస్తే లేస్తది."

"మళ్లొక్కసారి చెప్పు" అన్నాడు.